ప్రధాని మాట ఎక్కడిదాకా చెల్లుతుంది?

2021 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మోరిసన్ తన ప్రభుత్వంలోనే ఒక శాఖకు తనను తాను గుట్టుచప్పుడు కాకుండా మంత్రిగా నియమించుకున్నారు. పరిశ్రమలు, సైన్స్, ఇంధనం, వనరుల శాఖ అది. దాన్ని చూసుకునే మంత్రులు అప్పటికే ఉన్నారు. వాళ్లను తీసెయ్యలేదు. వాళ్ల పక్కనే, బయటికి కనిపించకుండా, తనకూ ఒక కుర్చీ వేయించుకున్నారు. దేశాధినేత ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ సంతకం చేశారు. ప్రకటన మాత్రం ఏదీ రాలేదు.

కారణం ఒక గ్యాస్ పర్మిట్. న్యూకాజిల్ నుంచి సిడ్నీ దాకా ఉన్న తీరానికి ఎదురుగా, సముద్రంలో గ్యాస్ కోసం వెతికేందుకు ఇచ్చిన అనుమతి అది. పెప్-11 అంటారు. దాని గడువు పొడిగించమని కంపెనీ అడిగింది. వనరుల మంత్రి కీత్ పిట్ ప్రాజెక్టుకు సుముఖుడు. తీరప్రాంతాల్లో గెలిచిన ప్రధాని పార్టీ ఎంపీలకేమో అది గొంతులో వెలక్కాయ. ప్రధానికీ ఇష్టం లేదు. అయినా ‘వద్దు’ అని రాసే అధికారాన్ని చట్టం ప్రధానికి ఇవ్వలేదు, ఆ శాఖ మంత్రికి ఇచ్చింది. మంత్రినే మార్చేద్దామా అంటే పిట్‌ది భాగస్వామ్య పక్షమైన నేషనల్ పార్టీ. ఆ పక్షం తరఫున వచ్చిన మంత్రిని ఇష్టం వచ్చినట్టు కదపడం కుదరదు. అందుకే మోరిసన్ దొడ్డిదారిన తానే మంత్రి అయి, 2021 డిసెంబర్‌లో ఆ పర్మిట్‌కు అడ్డుపడ్డారు.

2022 ఆగస్టులో సంగతంతా బయటపడింది. ఆ ఒక్క శాఖే కాదట, ఆరోగ్యం, ఆర్థికం, ట్రెజరీ, హోంతో కలిపి అయిదింటిలో ఆయన ఇలాగే చేరి ఉన్నారు. తన శాఖకు ఇంకో మంత్రి ఉన్న సంగతి ట్రెజరీ మంత్రికే తెలియదు. అప్పటికే ఎన్నికల్లో ఓడి పదవి పోగొట్టుకున్న మోరిసన్‌ని ఆ నవంబర్‌లో పార్లమెంటు దిగువ సభ అభిశంసించింది కూడా.

చాలామంది దీన్ని ఒక నాయకుడి అధికార దాహంగా చూశారు. అదీ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. దేశంలో అందరికన్నా పెద్ద కుర్చీలో ఉన్న మనిషి, ఒక్క పర్మిట్ ఆపడానికి తనకన్నా చిన్న కుర్చీని దొంగచాటుగా అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. ప్రధాని పదవికి ఎక్స్‌రే తీస్తే కనిపించేది ఇదే.

రాసి ఉన్నది, రాయనిది

మరి ప్రధానికంటూ ఉన్నదేమిటి? రాతపూర్వకంగా చూస్తే చాలా తక్కువ. బ్రిటన్‌లో 1721లో రాబర్ట్ వాల్పోల్‌తో మొదలైందని చెప్పుకునే ఈ పదవికి, అధికారాలన్నీ ఒకచోట రాసిపెట్టిన చట్టం ఈనాటికీ లేదు. అంతా ఆనవాయితీ మీద నడుస్తుంది. భారత రాజ్యాంగంలో 74, 75, 78 అధికరణలున్నాయి. రాష్ట్రపతికి సలహా ఇచ్చే మంత్రిమండలికి ప్రధాని నాయకుడు. మిగతా మంత్రులను ఆయన సలహా మీదే నియమిస్తారు. మంత్రిమండలి నిర్ణయాలను రాష్ట్రపతికి తెలియజేయడం ఆయన విధి. దేశం ఏ దారిన నడవాలో ప్రధాని తేలుస్తారు అన్న వాక్యం ఎక్కడా లేదు. లోక్‌సభకు జవాబు చెప్పాల్సింది కూడా మంత్రిమండలి మొత్తం.

అలాంటి వాక్యం ఉన్న దేశం జర్మనీ. అక్కడి రాజ్యాంగం 65వ అధికరణ ప్రకారం విధానాల దిశను నిర్ణయించేది చాన్సలరే, అంటే వాళ్ల ప్రధాని. ఇంత స్పష్టంగా రాసి ఉన్నాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ చాన్సలర్లు దాని పేరెత్తి ఆదేశం ఇవ్వడం చాలా అరుదు. 2022 అక్టోబర్ 17న ఒలాఫ్ షోల్జ్ ఇచ్చారు. మిగిలిన మూడు అణు విద్యుత్ కేంద్రాల విషయంలో కూటమిలోని గ్రీన్స్‌కూ, ఫ్రీ డెమోక్రాట్లకూ వారాల తరబడి తెగలేదు. చివరికి షోల్జ్ సంబంధిత మంత్రులకు ఒక చిన్న లేఖ రాసి, మూడూ 2023 ఏప్రిల్ 15 దాకా నడుస్తాయి అని తేల్చేశారు. మంత్రులు తలూపారు. మరుసటి రోజు అందరూ మాట్లాడుకున్నది చాన్సలర్ బలం గురించి కాదు, కూటమి ఎంత బలహీనపడిందన్న దాని గురించి. ఇంట్లో పెద్దాయన ‘ఇంటి యజమానిని నేనే’ అని అరిచే దాకా వచ్చిందంటే పరిస్థితి ఏమిటో బయటివాళ్లకు అర్థమైపోదూ! రెండేళ్లకు, 2024 నవంబర్‌లో, ఆ కూటమి కూలిపోయింది.

అసలు బలం రాయనిచోట ఉంటుంది. ఎవరికి ఏ శాఖ ఇవ్వాలి, ఎవరిని తీసెయ్యాలి అన్నది ఒకటి. కేబినెట్ సమావేశంలో ఏ విషయం చర్చకు రావాలి అన్నది రెండోది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా దృష్టిలో కీలకం అదే.

భారత ప్రభుత్వంలో ఒక విషయం కేబినెట్ దాకా ఎలా వస్తుందో చూడండి. సంబంధిత శాఖ ఒక నోట్ తయారు చేస్తుంది. దాన్ని ఆ వ్యవహారంతో సంబంధమున్న మిగతా శాఖలకు పంపి అభిప్రాయాలు అడుగుతారు. ఆర్థిక శాఖ కొర్రీలు వేస్తుంది, న్యాయ శాఖ ఇంకొన్ని వేస్తుంది. అన్నీ దాటుకుని అది కేబినెట్ సచివాలయానికి చేరుతుంది. 1961 నాటి కార్యనిర్వహణ నియమాల ప్రకారం ఏ కేసైనా కేబినెట్ ముందుకు రావాలంటే ప్రధాని ఆదేశమో ఆమోదమో ఉండాలి. అంటే, మంత్రి ఎంత ఉత్సాహపడినా ప్రధానికి నచ్చని నోట్ ఆ జాబితాలోకి ఎక్కదు. దాన్ని ఎవరూ తిరస్కరించరు, కారణం చెప్పరు, వార్త రాదు. ఫైలు అలా పడి ఉంటుంది, అంతే.

బ్రిటన్‌లో ఇంకో చిత్రం ఉంది. కేబినెట్‌లో సాధారణంగా ఓటింగ్ పెట్టరు. అందరూ మాట్లాడాక ప్రధాని ‘మనమంతా అనుకున్నది ఇదీ’ అని సారాంశం చెబుతారు. మినిట్స్‌లోకి వెళ్లేది ఆ సారాంశమే. చర్చను మొదలుపెట్టే హక్కుతో పాటు చర్చ ఎలా ముగిసిందో చెప్పే హక్కు కూడా ఒకరిదే అయితే, మధ్యలో ఎవరేం మాట్లాడినా ఏం లాభం? 1986 జనవరిలో వెస్ట్‌లాండ్ హెలికాప్టర్ల కంపెనీ వ్యవహారంలో రక్షణ మంత్రి మైకేల్ హెసెల్టైన్ గొడవ అదే. తన వాదన కేబినెట్‌లో చర్చకు రానివ్వడం లేదని ప్రధాని థాచర్ మీద కోపంతో కాగితాలు సర్దుకుని సమావేశం మధ్యలోనే బయటికి నడిచారు.

ఇవన్నీ చూశాక నాకు తోచింది ఇది. ప్రధాని ఏదైనా ఆపాలనుకుంటే దాదాపు ఎప్పుడూ ఆపగలరు. మొదలుపెట్టాలనుకుంటే చాలాసార్లు మొదలుపెట్టగలరు. పూర్తి చేయడం మాత్రం తరచూ ఆయన చేతిలో ఉండదు. పదవి ఒకటే, కుర్చీ ఒకటే, కానీ ఈ మూడు పనులకూ కావలసిన బలం వేరు. ప్రధాని బలవంతుడా బలహీనుడా అని మనం ఎంతసేపు వాదించుకున్నా తెగకపోవడానికి, ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడుకోవడమే కారణం.

మూడు రోజుల జూలై

మొదలుపెట్టడంలో ప్రధాని ఎంత వేగంగా కదలగలరో చూడాలంటే 1969 జూలైని మించిన ఉదాహరణ లేదు. బ్యాంకులను జాతీయం చేయాలా, ప్రైవేటు చేతుల్లోనే ఉంచి ప్రభుత్వం అదుపు పెట్టే సామాజిక నియంత్రణతో సరిపెట్టాలా అని కాంగ్రెస్‌లో పెద్ద పేచీ. ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ జాతీయం చేయడానికి వ్యతిరేకి. జూలై 16న ఇందిరా గాంధీ ఆయన దగ్గర నుంచి ఆర్థిక శాఖ తీసేసుకుని తన కింద పెట్టుకున్నారు. మొరార్జీ ఆ అవమానంతో రాజీనామా చేశారు. జూలై 19 శనివారం సాయంత్రానికల్లా 14 పెద్ద బ్యాంకులు ప్రభుత్వపరం అయిపోయాయి, ఒక్క ఆర్డినెన్స్‌తో.

ఎందుకంత తొందర? సోమవారం పార్లమెంటు సమావేశాలు మొదలవుతున్నాయి, సభ నడుస్తుంటే ఆర్డినెన్స్ ఇవ్వడం కుదరదు. పైగా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి ఆదివారం నాడు పదవి వదిలేస్తున్నారు. సంతకం పెట్టే చెయ్యి, పార్లమెంటు లేని రోజు, అడ్డు చెప్పని ఆర్థిక శాఖ, మూడూ కలిసొచ్చే రోజు ఆ ఒక్క శనివారమే. ఆమె అది పట్టుకున్నారు. (ఏడు నెలల తర్వాత, 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నాలుగు రోజుల్లో ఇంకో ఆర్డినెన్స్ తెచ్చి మళ్లీ నిలబెట్టుకున్నారు. ఆమెకు అది కలిసొచ్చింది. చాలామందికి రాదు.)

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇందిర కూడా ముందుగా చేసిన పని ఆర్థిక శాఖ తన చేతిలోకి తీసుకోవడమే. ఆమె దాన్ని బహిరంగంగా చేశారు, మోరిసన్ చాటుగా చేశారు. జపాన్‌లో 2005లో జునిచిరో కొయిజుమి ఇంకో రకంగా చేశారు. తపాలా సంస్థను ప్రైవేటీకరించే బిల్లు ఆగస్టు 8న ఎగువ సభలో 108–125 తేడాతో ఓడిపోయింది. ఓడించినవాళ్లలో సొంత పార్టీవాళ్లు ఉన్నారు. ఎగువ సభను రద్దు చేసే వీలు లేదు. అందుకని కొయిజుమి, బిల్లును పాస్ చేసిన దిగువ సభను రద్దు చేసి జనం ముందుకు వెళ్తానన్నారు. దానికి కేబినెట్‌లో అందరి సంతకాలూ కావాలి. వ్యవసాయ మంత్రి పెట్టనన్నారు. కొయిజుమి అప్పటికప్పుడు ఆయన్ని తొలగించి, వ్యవసాయ శాఖ తానే తీసుకుని, ఆ మంత్రి పెట్టాల్సిన సంతకం కూడా తానే పెట్టేశారు. సెప్టెంబర్ ఎన్నికల్లో ఆయన పార్టీకి 296 సీట్లు వచ్చాయి. అక్టోబర్‌లో అదే ఎగువ సభ అదే బిల్లుకు తలవంచింది.

ఆస్ట్రేలియాలో 1972 డిసెంబర్‌లో జరిగిందైతే ఇంకా వింత. ఎన్నికల్లో గెలిచిన గాఫ్ విట్లమ్, పార్టీ మంత్రులను ఎన్నుకునే దాకా ఆగలేక, తన ఉపనేత లాన్స్ బర్నార్డ్‌తో కలిసి ఇద్దరే ప్రమాణ స్వీకారం చేశారు. 27 శాఖలూ ఆ ఇద్దరివే. రెండు వారాలు దేశాన్ని ఇద్దరే నడిపారు, నిర్బంధ సైనిక భర్తీని ఆపేశారు, ఇంకా బోలెడు ఉత్తర్వులు ఇచ్చారు. అడ్డు చెప్పేవాళ్లు గదిలో లేకపోతే పని ఎంత వేగంగా జరుగుతుందో చూడండి! అదే విట్లమ్‌కు మూడేళ్లలో సెనేట్ బడ్జెట్ నిధులు ఇవ్వకుండా ఆపేసింది. 1975 నవంబర్ 11న గవర్నర్ జనరల్ ఆయన్ని పదవి నుంచే తొలగించారు.

ఈ వేగానికి చీకటి కోణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకమైపోయింది, కేబినెట్‌కు తెలిసింది మర్నాడు ఉదయం ఆరింటికి. అత్యవసరమైతే ప్రధాని నియమాలను పక్కనపెట్టవచ్చని కార్యనిర్వహణ నియమాల్లో 12వ నంబరుది ఒకటుంది, దాన్నే వాడారు. 1978లో 44వ సవరణ తెచ్చినప్పుడు 352వ అధికరణలో ఒక షరతు చేర్చారు. కేబినెట్ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదు అని. ‘కేబినెట్’ అన్న మాట భారత రాజ్యాంగంలోకి వచ్చింది అలా, ఆ ఒక్కచోటే. 12వ నియమం మాత్రం ఇంకా ఉంది. 2019 నవంబర్ 23న తెల్లారకముందే మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసింది దానితోనే.

మైనారిటీ ప్రధాని, మెజారిటీ ప్రధాని

ఎక్కువ సీట్లుంటే ఎక్కువ పట్టు ఉంటుందని అందరమూ అనుకుంటాం. పి.వి. నరసింహారావు కథ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది.

1991 జూన్‌లో ఆయన ప్రధాని అయ్యేనాటికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉంది. జూలై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. బడ్జెట్ ప్రసంగం అందరికీ గుర్తుంది. అదే రోజు, దానికి కొన్ని గంటల ముందు సభలో పెట్టిన ఇంకో కాగితాన్ని మాత్రం చాలామంది మరిచిపోయారు. అది కొత్త పారిశ్రామిక విధానం. 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటన్నిటికీ లైసెన్సులు రద్దు. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు, కానీ ఆ ప్రకటన చేసింది ఆయన కాదు, సహాయ మంత్రి పి.జె. కురియన్. నలభై ఏళ్ల లైసెన్స్ వ్యవస్థను కూల్చే ఆ పత్రం మొదలయ్యేది ఎలాగంటే, ఆధునిక భారతానికి నెహ్రూ వేసిన పునాదులను స్మరించుకుంటూ!

నవ్వొస్తుంది గానీ, అందులో ఉన్న నేర్పు తక్కువది కాదు. గట్టి కాగితాన్ని చిన్న మంత్రి చేత, బడ్జెట్ హడావుడి ఉన్న రోజున, నెహ్రూకు దండం పెట్టి మరీ ముందుకు తోశారు. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. రూపాయి విలువ తగ్గింపుకూ, లైసెన్సుల రద్దుకూ పార్లమెంటులో ఓటింగ్ అవసరం లేదు. ప్రభుత్వ ఉత్తర్వులు చాలు. పీవీ ముందుగా ముట్టుకున్నవన్నీ ఇలాంటివే. కార్మిక చట్టాల వంటివి, చట్టం మార్చాల్సినవి, ఆయన అయిదేళ్లలోనూ అలాగే ఉండిపోయాయి. వాటి స్థానంలో నాలుగు కోడ్‌లు పార్లమెంటులో పాసయ్యింది 2019, 2020ల్లో. పూర్తి మెజారిటీ ఉన్న ప్రభుత్వం చేతిలో కూడా అవి అమల్లోకి రావడానికి 2025 నవంబర్ పట్టింది. ఏనుగు వెళ్లి తోక చిక్కడం అంటే ఇదే.

కాబట్టి ఒక ప్రధాని ఏం చేయగలరో అంచనా వేయాలంటే ఎన్ని సీట్లు అని అడిగే ముందు, ఆ పనికి ఎన్ని సంతకాలు కావాలి అని అడగాలి. ఉత్తర్వు చాలా? సాధారణ చట్టమా? రెండు సభలూ ఒప్పుకోవాలా? రాష్ట్రాలు కలిసి రావాలా? ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ప్రధాని చేతిలోంచి కొంత జారిపోతుంది.

303 సీట్లున్న పార్టీ ప్రభుత్వం 2020 జూన్‌లో మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చింది, సెప్టెంబర్‌లో వాటిని చట్టాలు చేసింది. ఎక్కడా ఓటు తగ్గలేదు. ఢిల్లీ పొలిమేరల్లో రైతులు ఏడాది కూర్చున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు అమలు ఆపింది. నవంబర్ 19న మోదీ టీవీలో కనిపించి వెనక్కి తీసుకుంటున్నామన్నారు. 29న రెండు సభలూ చర్చ లేకుండా రద్దు బిల్లు పాస్ చేసేశాయి. ఈ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆరంభించడమూ, ఆపేయడమూ ప్రధాని తలుచుకున్నంత వేగంగా జరిగాయి. మధ్యలో అమలు చేయడమనే భాగమే జరగలేదు. 2014 చివర్లో తెచ్చిన భూసేకరణ ఆర్డినెన్స్‌దీ ఇదే కథ. రాజ్యసభలో బలం లేదు, మూడుసార్లు జారీ చేశారు, 2015 ఆగస్టు 31న దానంతటదే కాలం తీరిపోయింది.

జీఎస్‌టీ కౌన్సిల్ ఏర్పాటులోనైతే ఈ తేడాను అంకెల్లోనే రాసి పెట్టారు. కౌన్సిల్‌లో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. లెక్క వేసి చూడండి. కేంద్రం వద్దంటే ఏదీ జరగదు, కేంద్రం ఒక్కటే కావాలంటే కూడా ఏదీ జరగదు.

పర్సు పట్టుకున్నవాళ్లు, పార్టీ పట్టుకున్నవాళ్లు

ప్రధానికి కేబినెట్‌లో ఎదురు నిలవగలిగే ఒకే ఒక్క శాఖ ఆర్థిక శాఖ. ఏ పథకానికైనా డబ్బు కావాలి మరి. బ్రిటన్‌లో ప్రధాని టోనీ బ్లెయిర్‌కు దిగువ సభ అయిన కామన్స్‌లో భారీ మెజారిటీ ఉండేది. యూరో కరెన్సీలో చేరాలని ఆయనకు మనసులో ఉంది. ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ 1997లోనే అయిదు పరీక్షలు పెట్టారు, అవి నెగ్గితేనే చేరిక అన్నారు. పరీక్ష పెట్టేదీ పేపర్లు దిద్దేదీ బ్రౌన్ శాఖే. 2003 జూన్‌లో ఇంకా నెగ్గలేదని తేల్చారు. బ్లెయిర్ పదేళ్లు పాలించారు, పౌండ్ పౌండ్‌గానే ఉంది. బ్రౌన్‌ని తీసెయ్యలేకపోయారా అంటే, చట్టప్రకారం ఒక్క సంతకం చాలు. రాజకీయంగా ఆ సంతకం పెట్టే ధైర్యం పదేళ్లలో ఒక్కరోజూ రాలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేక పరిస్థితి తర్వాతి కాలంలో అక్కడే ప్రధాని అయిన లిజ్ ట్రస్‌ది. ఆర్థిక మంత్రి ఆమె మనిషే, ఇద్దరిదీ ఒకే మాట. 2022 సెప్టెంబర్ 23న 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. అంతర్గతంగా కొర్రీ వేసేవాళ్లెవరూ లేకపోయేసరికి ఆ పని బాండ్ మార్కెట్ చేసింది. అయిదు రోజుల్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి ప్రభుత్వ బాండ్లు కొనాల్సి వచ్చింది. మూడు వారాల్లో ఆర్థిక మంత్రి పదవి పోయింది, ఇంకో వారం తిరక్కుండానే ఆమె రాజీనామా ప్రకటించారు. ఎజెండా మీద ఇంత సంపూర్ణమైన పట్టు ఈ మధ్యకాలంలో ఏ బ్రిటిష్ ప్రధానికీ లేదేమో. అదే ముంచింది.

పార్టీ సంగతి ఇంకోటి. మన్మోహన్ సింగ్ హయాంలో జాతీయ సలహా మండలికి సోనియా గాంధీ అధ్యక్షురాలు. ఉపాధి హామీ, సమాచార హక్కు చట్టాలకు అక్కడి నుంచే ఊపు వచ్చింది. అలాగని ఆయన పూర్తిగా ఇతరుల ఎజెండా మోశారనడం అన్యాయం. అమెరికాతో అణు ఒప్పందం మీద పట్టుబట్టి, లెఫ్ట్ మద్దతు పోయినా వెనక్కి తగ్గకుండా, 2008 జూలై 22న 275–256తో విశ్వాసం నెగ్గారు. ఒకే ఒక్క విషయం మీద ప్రభుత్వాన్నే పణంగా పెట్టారు. అదే మనిషి కేబినెట్ 2013 సెప్టెంబర్‌లో, శిక్ష పడిన ప్రజాప్రతినిధులకు సంబంధించి ఒక ఆర్డినెన్స్ ఆమోదించింది. ప్రధాని అమెరికాలో ఉండగా, రాహుల్ గాంధీ విలేకరుల ముందుకొచ్చి దాన్ని చించి పారెయ్యాలన్నారు. అక్టోబర్ 2న కేబినెట్ దాన్ని ఉపసంహరించుకుంది. కేబినెట్‌లో లేని మనిషి ఒక్క మాటతో కేబినెట్ నిర్ణయం చెరిగిపోయింది.

2010 నుంచి 2018 మధ్య ఆస్ట్రేలియాలో పార్టీలే తమ ప్రధానులను నలుగురిని దించేశాయి. రడ్, గిలార్డ్, అబాట్, టర్న్‌బుల్. వాళ్లలో ముగ్గురి కథల్లోనైనా కర్బన ఉద్గారాల విధానం చిక్కుముడిగా కనిపిస్తుంది.

సభ కాగితం

పార్లమెంటులో రోజూ ఏం చర్చించాలన్నది కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. బ్రిటిష్ కామన్స్‌లో 14వ స్టాండింగ్ ఆర్డర్ (సభా నిబంధన) ప్రకారం కొన్ని రోజులు మినహా ప్రభుత్వ పనులకే ప్రాధాన్యం. భారత పార్లమెంటులో ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టమైన చివరి సంవత్సరం 1970. ఇక సభ్యులు ఎజెండా రాసేదెక్కడ?

2019 మార్చిలో బ్రిటన్ ఎంపీలు ఒకసారి రాశారు. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చే ఒప్పందం మీద ప్రధాని థెరెసా మే జనవరి 15న 432–202తో ఓడిపోయారు. ప్రభుత్వం చేతిలోంచి ఆ ఎజెండా కాగితమే లాక్కుందామని ఎంపీలు అనుకున్నారు. మార్చి 25న 329–302తో, ఎల్లుండికి 14వ ఆర్డర్‌ను పక్కనపెట్టేశారు. 27న సభ తన ఇష్టప్రకారం ఎనిమిది ప్రత్యామ్నాయాలు బల్ల మీద పెట్టి ఓటేసింది. ఎనిమిదింటికి ఎనిమిదీ ఓడిపోయాయి. ప్రధానిని ఆపడానికి చాలినంత మంది ఉన్నారు, ప్రధానికి బదులు ఏదైనా చేయడానికి చాలినంత మంది లేరు. ఆపడం తేలిక అన్న సూత్రం ప్రధానికే కాదు, ప్రధానిని ఎదిరించేవాళ్లకూ వర్తిస్తుందన్నమాట.

ప్రధానులు తమ సొంత వాగ్దానాలను కూడా ఇలాగే ఆపగలరు. కెనడాలో 2015 ఎన్నికలే పాత పద్ధతిలో జరిగే చివరివని జస్టిన్ ట్రూడో చెప్పారు. గెలిచాక ప్రతి మంత్రికీ చేయాల్సిన పనులు రాసిన లేఖలు ఇచ్చి, వాటిని జనానికీ బయటపెట్టారు. ఎన్నికల సంస్కరణ అందులో ఉంది. 2017 ఫిబ్రవరిలో కొత్త మంత్రికి ఇచ్చిన లేఖలో, అది ఇక మీ బాధ్యత కాదు అని రాశారు. చేతిలో మెజారిటీ ఉంది, సభలో ఓటింగ్ లేదు, ఒక్క లేఖతో అయిపోయింది.

ఇక ఆ గ్యాస్ పర్మిట్ సంగతి. మోరిసన్ రహస్య మంత్రిగా తీసుకున్న నిర్ణయం మీద కంపెనీ కోర్టుకెళ్లింది. ఆయన ముందే మనసులో నిశ్చయించుకుని కూర్చున్నారన్న అభిప్రాయం కలిగేలా ఉందన్న కారణంతో 2023లో ఫెడరల్ కోర్టు దాన్ని పక్కనపెట్టింది. దరఖాస్తు మళ్లీ మొదటికొచ్చింది. శాఖ మొదటి నుంచీ పరిశీలించింది, కంపెనీ వాదన మళ్లీ విన్నది. 2025 జనవరిలో, మోరిసన్‌ని ఓడించిన లేబర్ ప్రభుత్వంలోని పరిశ్రమల మంత్రి ఎడ్ హ్యూసిక్, తన సొంత కుర్చీలో కూర్చుని, గడువు పొడిగించేది లేదని సంతకం పెట్టారు.